10 కోట్ల ప్రయాణాలు: అమెరికా నుంచి బయటికి వెళ్ళేదెవరు, వెళ్ళలేనిదెవరు?

(న్యూజెర్సీ ఎడిసన్‌లో మన తెలుగువాళ్ళ ఆదివారం సమావేశంలో, టికెట్ల వ్యాపారంలో ఉన్న ఒకావిడ చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వాళ్ళకి వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

ముందు ఒక అంకె చెప్తాను. 10 కోట్ల 77 లక్షలు. 2024లో అమెరికా పౌరులు దేశం దాటి చేసిన ప్రయాణాలు సుమారుగా అన్ని. అంతకు ముందు ఏ ఏడాదిలోనూ ఇన్ని లేవు. కోవిడ్‌కి ముందటి ఏడాది 2019లో 9 కోట్ల 97 లక్షలు. మరి 2020లో? 3 కోట్ల 35 లక్షలు. మూడింట రెండు వంతులు ఒక్క ఏడాదిలో తుడిచిపెట్టుకుపోయాయి. మా పనిలో ఉన్నవాళ్ళం ఆ ఏడాదంతా టికెట్లు అమ్మలేదు, అమ్మిన టికెట్లకి డబ్బులు వెనక్కిచ్చాం, అంతే. ఆ తర్వాత 2021లో 4 కోట్ల 90 లక్షలు, 2022లో 8 కోట్లు దాటింది, 2023లో 9 కోట్ల 85 లక్షలు. పడిన నాలుగేళ్ళకి లేచి పాత రికార్డు దాటేశారు.

ఈ లెక్కలు వేసేది వాణిజ్య శాఖ కింద ఉండే నేషనల్ ట్రావెల్ అండ్ టూరిజం ఆఫీసు. నెలనెలా వేస్తుంది, ఎవరైనా చూడొచ్చు. చూసేటప్పుడు మాత్రం రెండు సంగతులు మనసులో పెట్టుకోవాలి. ఇవి మనుషుల లెక్కలు కావు, ప్రయాణాల లెక్కలు. ఆఫీసు పని మీద ఏడాదిలో ఆరుసార్లు లండన్ వెళ్ళొచ్చిన మనిషి ఆరు అవుతాడు. ఇంకోటి, ఇది పౌరుల లెక్క. అమెరికాలో ఉంటున్న అందరి లెక్కా కాదు. ఈ రెండో సంగతి దగ్గరికి చివర్లో మళ్ళీ వస్తాను. నేను ఇవాళ ఇక్కడికొచ్చింది అసలు దాని కోసమే.

"అమెరికావాళ్ళకి బయటి ప్రపంచం పట్టదు, సగం మందికి పాస్‌పోర్టే ఉండదు" అనే మాట మనందరం విన్నాం. కొందరం అన్నాం కూడా. ఒకప్పుడు అది నిజమే. సగం మంది కాదు, 1990లో నూటికి ఐదుగురికే పాస్‌పోర్టు ఉండేదని స్టేట్ డిపార్ట్‌మెంటే చెప్తుంది. నూటికి ఐదుగురు! ఇప్పుడు దాదాపు సగం మందికి ఉంది. చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టులు 16 కోట్లు దాటాయి. మరి ఈ ముప్పై ఏళ్ళలో ఏం జరిగింది? అందరికీ ఒక్కసారిగా ప్యారిస్ మీద మోజు పుట్టిందా?

కాదండీ. చట్టం మారింది. అంతకు ముందు అమెరికా పౌరుడు కెనడా వెళ్ళాలన్నా, మెక్సికో వెళ్ళాలన్నా, కరీబియన్ దీవులకి వెళ్ళాలన్నా పాస్‌పోర్టు అక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సు, బర్త్ సర్టిఫికెట్ చూపిస్తే చాలు. చాలాసార్లు సరిహద్దులో "ఎక్కడి మనిషివి?" అని అడిగితే నోటిమాటగా చెప్పి దాటేసేవాళ్ళు. సెప్టెంబర్ 11 తర్వాత, 2004లో చేసిన చట్టంతో ఆ తలుపు మూసుకుంది. 2007 జనవరి 23 నుంచి విమానంలో వచ్చేవాళ్ళకి, 2009 జూన్ 1 నుంచి రోడ్డు మీదా ఓడలోనూ వచ్చేవాళ్ళకి పాస్‌పోర్టో, దానితో సమానమైన కార్డో తప్పనిసరి చేశారు.

అప్పుడేమైంది? 2007లో జనం ఒక్కసారిగా అప్లికేషన్ల మీద పడ్డారు. ఆ ఏడాది 1 కోటి 80 లక్షలకు పైగా పాస్‌పోర్టులు ఇచ్చారు, అయినా చాల్లేదు. వేసవి సెలవుల్లో పెళ్ళి టికెట్లు, హనీమూన్ టికెట్లు చేతిలో ఉన్నాయి, పాస్‌పోర్టు లేదు. చివరికి ప్రభుత్వమే తగ్గింది. "అప్లికేషన్ పెట్టినట్టు రసీదు చూపించండి చాలు, కెనడా మెక్సికో వెళ్ళిరండి" అని కొన్ని నెలలు వదిలిపెట్టింది. 2023 వేసవిలో మళ్ళీ అదే కథ, మామూలు పాస్‌పోర్టుకి పదమూడు వారాల దాకా పట్టింది. ఇప్పుడు నయం, 2024 సెప్టెంబర్ నుంచి పెద్దవాళ్ళ రెన్యువల్ ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు.

నేను దీన్నిబట్టి చెప్పేదేంటంటే, పాస్‌పోర్టు ముందు కాంకూన్ కోసం, అంటే మెక్సికో బీచ్ కోసం వచ్చింది. ఒకసారి సొరుగులో పడ్డాక పదేళ్ళు చెల్లుతుంది కదా, అప్పుడు "ఇటలీ వెళ్దామా?" అన్న మాట మొదలైంది. కోరిక ముందు, కాగితం తర్వాత అనుకుంటాం. ఇక్కడ కాగితమే ముందొచ్చింది. అది కూడా అన్ని రాష్ట్రాల్లో ఒకేలా రాలేదు. మన న్యూజెర్సీలో పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు చాలా ఎక్కువ, మిసిసిపీలో చాలా తక్కువ. అక్కడివాళ్ళకి తెలుసుకోవాలన్న ఆసక్తి తక్కువనా? కాదు. ఆదాయం, దగ్గర్లో పెద్ద ఎయిర్‌పోర్టు, విదేశాల్లో చుట్టాలు, ఈ మూడూ ఇక్కడ ఎక్కువ, అక్కడ తక్కువ.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఈ దేశంలో జీతంతో సెలవు ఇచ్చితీరాలన్న ఫెడరల్ చట్టం లేదు. యూరప్‌లో ఏడాదికి కనీసం నాలుగు వారాలు హక్కు. ఇక్కడ యజమాని ఇష్టం. పది రోజులు చేతిలో ఉన్న మనిషి ఏం చేస్తాడు? నాలుగు రోజులు ఒకచోటికి, ఐదు రోజులు ఇంకోచోటికి పంచుకుంటాడు. అందుకే దగ్గరి దేశాలు, పొట్టి ట్రిప్పులు. మూడు వారాలు సెలవు అడగడానికి మనవాళ్ళు మేనేజర్ ముందు ఎంత నలుగుతారో నాకు తెలుసు. టికెట్ బుక్ చేసే ముందు "ఆగండి మేడమ్, ఇంకా అప్రూవల్ రాలేదు" అని నాతో అనేది మీరే కదా!

సరే, ఎక్కడికి వెళ్తున్నారు? మూడో వంతుకు పైగా మెక్సికోకే. రెండోది కెనడా. ఈ రెండూ కలిపితే మొత్తం ప్రయాణాల్లో దాదాపు సగం. 2020లో ఆ 3 కోట్ల 35 లక్షల్లోనూ ఎక్కువ భాగం మెక్సికోకే, ఎందుకంటే కెనడా సరిహద్దు మూసింది, యూరప్ మూసింది, మెక్సికో మాత్రం విమానాల్లో వచ్చేవాళ్ళకి తలుపు తెరిచే ఉంచింది. టెస్టు కూడా అడగలేదు.

మెక్సికో అంటే మనకి బీచ్ గుర్తొస్తుంది, రిసార్టు గుర్తొస్తుంది. నిజమే, అదీ ఉంది. కానీ లాస్ ఆల్గోడోనెస్ అని ఒక ఊరుంది. పేరు విన్నారా ఎవరైనా? ఆరిజోనాలో యూమా దాటాక, కాలిఫోర్నియా మూలలో సరిహద్దు ఆనుకుని ఉంటుంది. చాలా చిన్న ఊరు. ఆ చిన్న ఊళ్ళో పళ్ళ డాక్టర్లు వందల మంది. బోర్డులన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి. ఇంప్లాంట్, క్రౌన్, రూట్ కెనాల్. పక్క సందులో కళ్ళజోళ్ళు, మందుల షాపులు. చలికాలంలో యూమాలో గడపడానికి ఉత్తరాది రాష్ట్రాల నుంచి రిటైరైనవాళ్ళు ట్రెయిలర్లు వేసుకుని దిగుతారు. వాళ్ళు పొద్దున్నే వచ్చి అమెరికా వైపు పార్కింగులో కారు పెట్టి, నడుచుకుంటూ గేటు దాటి, పన్ను కట్టించుకుని, మధ్యాహ్నానికి ఆ పొడుగాటి క్యూలో నిలబడి వెనక్కొస్తారు. ఎందుకంటారు? అరవై ఐదు దాటినవాళ్ళకి ప్రభుత్వమిచ్చే అసలు మెడికేర్‌లో మామూలు పళ్ళ వైద్యం లేదు. చేతిడబ్బు పెట్టాల్సిందే. అక్కడ ఖర్చు ఇక్కడి దాంట్లో చిన్న భాగం.

ఒకపూటలో వెళ్ళొచ్చినవాళ్ళు నేను చెప్పిన 10 కోట్లలోకి రారు. కనీసం ఒక రాత్రి అవతల ఉంటేనే లెక్క. పన్ను పని రెండు మూడు రోజులు పడితే, అప్పుడు లెక్కలోకి వస్తారు. అంటే అమెరికా మనిషి దేశం దాటే ప్రయాణంలో విహారమే కాదు, వైద్యం ఉంది, మందుల ధర ఉంది. ఇదేదో పాపం అన్నట్టు కాదు నేను చెప్పేది, మన తెలుగువాళ్ళు హైదరాబాద్ వెళ్ళినప్పుడు పంటికి, కంటికి, మోకాలికి అన్నిటికీ అపాయింట్‌మెంట్లు పెట్టుకుని వెళ్ళడంలా? అదే పని.

మెక్సికో లెక్కలో ఇంకో పెద్ద వాటా కుటుంబాలది. డిసెంబర్‌లో టెక్సస్‌లో ఐ-35 మీద లారెడో వైపు వెళ్ళి చూడండి. పికప్‌ల వెనక సైకిళ్ళు, బొమ్మలు, పరుపులు, టీవీలు కట్టుకుని దక్షిణానికి పోతుంటారు. షికాగోలో, డల్లస్‌లో పనిచేసే మెక్సికన్ కుటుంబాలు క్రిస్మస్‌కి అమ్మమ్మ ఊరు వెళ్తున్నాయి. వాళ్ళ కోసం మెక్సికో ప్రభుత్వం ప్రత్యేకంగా ఒక కార్యక్రమమే నడుపుతుంది, దారిలో ఎవరూ డబ్బులు గుంజకుండా. ఆ పికప్‌ని చూస్తే మన ఇరవై మూడు కేజీల సూట్‌కేసులు గుర్తురావా?

యూరప్ సంగతి వేరు. 2 కోట్లు దాటిన ప్రయాణాలు అక్కడికి. దాని వెనక మోజు ఉందా? ఉంది. కానీ మా పనిలో మేం చూసేది సీటు, రూపాయి. అంటే డాలర్.

సీటు సంగతి చెప్తాను. 1958 అక్టోబర్ 26న పాన్ యామ్ జెట్ విమానం న్యూయార్క్ నుంచి ప్యారిస్‌కి ప్రయాణికులతో బయల్దేరింది. అక్కణ్ణుంచి సముద్రం దాటడం ధనవంతుల పని నుంచి మధ్యతరగతి పనిగా మారడం మొదలైంది. ఎంత మారిందంటే, పదేళ్ళు తిరక్కుండానే ప్రభుత్వం భయపడింది. 1968 జనవరి 1న, కొత్త సంవత్సరం రోజున, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ ఏమన్నారో తెలుసా? రెండేళ్ళ పాటు అత్యవసరం కాని ప్రయాణాలు మానుకోండి, ఈ పశ్చిమార్ధగోళం దాటి వెళ్ళకండి అన్నారు. డాలర్లు బయటికి పోతున్నాయి, వియత్నాం యుద్ధం ఖర్చు ఒకవైపు. విదేశంలో పెట్టే ఖర్చు మీద పన్ను వేద్దామని కూడా ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు. తన పౌరుణ్ణి ఇంట్లో కూచోమని అడగాల్సి వచ్చిందంటే, ఆ పౌరులు ఎంతమంది వెళ్తున్నారో ఆలోచించండి.

తర్వాత 2008 మార్చిలో అమెరికా, యూరోపియన్ యూనియన్ల మధ్య ఓపెన్ స్కైస్ ఒప్పందం అమల్లోకొచ్చింది. ఇటు ఏ ఊరి నుంచి అటు ఏ ఊరికైనా ఎగరొచ్చు. ఐస్‌లాండ్ చూడండి. నాలుగు లక్షల జనాభా కూడా లేదు. ఏటా లక్షల మంది అమెరికన్లు దిగుతున్నారు, అక్కడికొచ్చే విదేశీయుల్లో వీళ్ళదే పెద్ద గుంపు. ఎందుకు? యూరప్‌కి పోయే దారిలో అదనపు ఖర్చు లేకుండా రెండు మూడు రోజులు దిగిపోవచ్చని అక్కడి ఎయిర్‌లైన్ స్టాపోవర్ ఇచ్చింది. తర్వాత వావ్ ఎయిర్ అని తక్కువ ఫేర్లతో ఒకటి వచ్చింది, జనం విరగబడ్డారు. 2019 మార్చిలో అది దివాలా తీసింది, ఆ ఏడాది ఐస్‌లాండ్‌కి వెళ్ళే అమెరికన్లు బాగా పడిపోయారు. హిమానీనదాలు ఎక్కడికీ పోలేదు, అగ్నిపర్వతాలూ అక్కడే ఉన్నాయి. సీట్లు పోయాయి. అందుకే అంటున్నాను, సీటు ఎక్కడికుంటే మనిషి అక్కడికి వెళ్తాడు. ఇప్పుడు సముద్రం దాటగల చిన్న విమానాలొచ్చాయి, మధ్యలో ఒకటే నడవ ఉండేవి. వాటితో చిన్న ఊళ్ళకీ నేరుగా పోవచ్చు. 2025 జూన్‌లో మన నూవర్క్ నుంచి గ్రీన్‌లాండ్‌లోని నూక్‌కి డైరెక్ట్ ఫ్లైట్ మొదలైంది! ఐదేళ్ళ క్రితం ఎవరైనా చెప్తే నమ్మేవాళ్ళమా?

ఇక డాలర్. 2022 జులైలో డాలర్, యూరో సమానమయ్యాయి. ఇరవై ఏళ్ళ తర్వాత మొదటిసారి. ఇక చూసుకోండి, ఇటలీకి, స్పెయిన్‌కి, పోర్చుగల్‌కి. జపాన్ ఇంకా స్పష్టంగా కనబడుతుంది. 2019లో జపాన్ వెళ్ళిన అమెరికన్లు 17 లక్షల 20 వేల దాకా. 2024లో 27 లక్షలు దాటారు. పది లక్షలు పెరిగారు! ఎందుకు? 2019లో డాలర్‌కి 110 యెన్‌లు వచ్చేవి. 2024 జులైలో 160 దాటింది. వెయ్యి యెన్‌ల రామెన్ గిన్నె అప్పుడు తొమ్మిది డాలర్లు, ఇప్పుడు ఆరు. అదే గిన్నె, అదే పులుసు. 2025లో యూరో మళ్ళీ బలపడింది, డాలర్ తగ్గింది, రోమ్‌లో హోటల్ గది ఎంతని అడిగి మా కస్టమర్లు ఆలోచనలో పడుతున్నారు.

వెళ్ళే చోట కూడా కొత్త నియమాలు వచ్చాయి, ఇది రాసుకోండి, అమెరికా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళంతా. బ్రిటన్‌కి 2025 జనవరి 8 నుంచి ముందుగా ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి, ఈటీఏ అంటారు. బ్రెజిల్‌కి 2025 ఏప్రిల్ 10 నుంచి మళ్ళీ వీసా కావాలి. యూరప్‌లో షెంగెన్ దేశాల్లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే దేశాల్లో, 2025 అక్టోబర్ 12 నుంచి వేలిముద్రలు, ఫోటో తీసుకోవడం మొదలుపెట్టారు. నీలం పాస్‌పోర్టు ఉంటే ఎక్కడికైనా ఊరికే వెళ్ళిపోవచ్చు అన్న రోజులు అయిపోయాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

సముద్రాలు దాటి వెళ్ళే అమెరికా నివాసుల్లో సుమారు నాలుగో వంతు, సొంతవాళ్ళని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు. ఎయిర్‌పోర్టుల్లోనూ విమానాల్లోనూ ఒక సర్వే ఫారం ఇస్తారు, అందులో తేలే లెక్క ఇది. మా ధంధాలో దీన్ని వీఎఫ్‌ఆర్ అంటాం, స్నేహితుల్ని, చుట్టాల్ని చూసే ట్రాఫిక్. ఎయిర్‌లైన్లకి ఇది పెద్ద గౌరవం ఉన్న ట్రాఫిక్ కాదు. ఎకానమీ సీట్లు, ఫేర్ చూసి కొంటారు, బరువు ఎక్కువ తెస్తారు. కానీ నేను గట్టిగా చెప్తాను, అన్నిటికంటే నిలకడైన ప్రయాణం ఇదే. డాలర్ పడిందని ఎవరూ తండ్రి షష్టిపూర్తి మానుకోరు. రామెన్ ఖరీదైతే జపాన్ మానుకుంటారు, అమ్మ ఆసుపత్రిలో ఉంటే ఫేర్ ఎంతైనా బయల్దేరతారు. 2021లో ఇండియాలో రెండో వేవ్ నడుస్తున్నప్పుడు సీటు దొరికితే చాలని నాకు ఫోన్లు చేసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు.

మరి ఈ నిలకడైన ప్రయాణం లెక్కల్లో ఎక్కడ కనబడుతుంది? చెప్తాను, కొంచెం ఓపికగా వినండి. హైదరాబాద్‌కి ఇక్కణ్ణుంచి ఇప్పుడు నాన్‌స్టాప్ లేదు. 2021 జనవరిలో షికాగో నుంచి ఎయిర్ ఇండియా ఒకటి మొదలుపెట్టింది, అది నిలవలేదు. కాబట్టి దుబాయ్, దోహా, అబుదాబి, ఫ్రాంక్‌ఫర్ట్, లండన్ మీదుగా పోతాం. ఎయిర్‌లైన్ ప్రయాణికుల జాబితాలతో కట్టే లెక్కలో ఇక్కణ్ణుంచి నేరుగా దిగిన మొదటి విదేశీ ఎయిర్‌పోర్టే నమోదవుతుంది. అంటే కరీంనగర్ వెళ్తున్న మనిషి ఆ లెక్కలో మధ్యప్రాచ్యానికి వెళ్ళినట్టు. రాజమండ్రి వెళ్తున్న మనిషి జర్మనీ వెళ్ళినట్టు. అసలు ఎక్కడికి వెళ్ళారో ఆ సర్వే ఫారంలోనే తెలుస్తుంది, అది నింపితేనే. గేటు దగ్గర ఎవరైనా ఇస్తే దయచేసి నింపండి.

ఇంకో చిక్కు. ఒకే విమానంలో పక్కపక్క సీట్లలో ఇద్దరు అక్కచెల్లెళ్ళు తమ్ముడి పెళ్ళికి వెళ్తున్నారనుకోండి. అక్కకి అమెరికా పౌరసత్వం వచ్చింది, చెల్లెలు హెచ్-1బీ మీద, అంటే ఇక్కడి కంపెనీ ఇప్పించిన ఉద్యోగ వీసా మీద ఉంది. అక్క ఇక్కడ 10 కోట్ల 77 లక్షల్లో ఒకటి. శంషాబాద్‌లో దిగితే భారత పర్యాటక శాఖ లెక్కలో విదేశీ పర్యాటకురాలు. 2024లో ఇండియాకి వచ్చిన విదేశీయుల్లో అమెరికా పాస్‌పోర్టువాళ్ళదే మొదటి స్థానం, సుమారు 18 లక్షలు. అందులో మన అక్కల్లాంటివాళ్ళు ఎంతోమంది. అక్క చేతిలో ఓసీఐ కార్డు, అంటే వేరే దేశం పౌరులైన భారత సంతతివాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు ఉంటుంది కాబట్టి వీసా అక్కర్లేదు. ఆ ఓసీఐ పథకం మొదలైంది కూడా మన హైదరాబాద్‌లోనే, 2006 జనవరిలో ప్రవాసీ భారతీయ దివస్ సభలో మన్మోహన్ సింగ్ గారి చేతుల మీదుగా. మరి చెల్లెలు? పౌరుల లెక్కలో లేదు. అటు దిగితే విదేశీయురాలు కాదు, ప్రవాస భారతీయుల ఖాతాలో విడిగా పడుతుంది. ఇద్దరూ ఒకే పెళ్ళికి వెళ్తున్నారు, ఒకే ఫేర్ కట్టారు.

కానీ అసలు తేడా లెక్కలో కాదు. అక్క వెళ్తుంది, వస్తుంది. చెల్లెలు వెళ్తుంది. వస్తుందా?

వీసా గడువు తీరిన మనిషి బయటికి వెళ్తే మళ్ళీ స్టాంపింగ్ అయ్యాకే, అంటే అక్కడి అమెరికా కాన్సులేట్‌లో పాస్‌పోర్టులో కొత్త వీసా వేయించుకున్నాకే రావాలి. ఇక్కడ ఉండటానికి, పనిచేయడానికి కాగితాలన్నీ సరిగ్గా ఉన్నా సరే. కెనడా, మెక్సికోకి మాత్రం ముప్పై రోజుల లోపు వెళ్ళొస్తే పాత వీసాతోనే రానిస్తారు, ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఐ-94 సరిగ్గా ఉంటే, అక్కడ కొత్త వీసాకి అప్లై చేయకపోతే. ఇది చాలామందికి తెలియదు. తెలిసినా ఏం లాభం, అమ్మానాన్నలు టొరంటోలో లేరు కదా.

గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకి ఇంత లేదు, కానీ వాళ్ళకీ గడియారం ఉంది. ఆరు నెలలు దాటితే ప్రశ్నలు, ఏడాది దాటితే ముందే రీఎంట్రీ పర్మిట్ తీసుకుని ఉండాలి. మంచం పట్టిన తల్లి దగ్గర ఉందామని వెళ్ళి, ఐదో నెల చివర ఒకసారి ఇక్కడికొచ్చి రెండు వారాలుండి మళ్ళీ వెళ్ళినవాళ్ళకి నేను టికెట్లు చేశాను.

2025లో ఏం జరిగిందో మీ అందరికీ తెలుసు, అయినా వరసగా చెప్పనివ్వండి. సెప్టెంబర్ 2 నుంచి డ్రాప్‌బాక్స్, అంటే ఇంటర్వ్యూ లేకుండా కాగితాలిచ్చి వీసా రెన్యువల్ చేయించుకునే వీలు, చాలామందికి పోయింది, ఇంటర్వ్యూకి వెళ్ళితీరాలి. సెప్టెంబర్ 6 నుంచి సొంత దేశంలోనో, ఉంటున్న దేశంలోనో తప్ప ఇంకెక్కడా వీసాకి అప్లై చేయొద్దన్నారు. సెప్టెంబర్ 19 శుక్రవారం సాయంత్రం హెచ్-1బీకి లక్ష డాలర్ల ఫీజు ప్రకటన వచ్చింది. ఆదివారం తెల్లవారేసరికి అమలు అన్నారు. ఆ రాత్రి నాకు కళ్ళ ముందే ఉంది. బతుకమ్మ కోసం, దసరా కోసం వెళ్తున్న కుటుంబాలు, విమానం ఎక్కి కూచున్నవాళ్ళు దిగిపోయారు. అప్పటికే ఇండియాలో ఉన్నవాళ్ళు ఏ దారిన దొరికితే ఆ దారిన, ఎంతైతే అంత పెట్టి వెనక్కి రావడానికి సీట్లు వెతికారు. అది కొత్త పిటిషన్లకే అని తర్వాత వివరణ ఇచ్చారు. తర్వాత! డబ్బు పోయాక, పెళ్ళి వదిలేసి వచ్చేశాక. డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీ వాళ్ళకీ, వాళ్ళ భార్య లేదా భర్త, పిల్లలకిచ్చే హెచ్-4 వీసా వాళ్ళకీ సోషల్ మీడియా పరిశీలన అన్నారు, ఇండియాలో ఆ నెల ఇంటర్వ్యూలు చాలావరకు నెలల తరబడి వెనక్కి జరిగాయి. డిసెంబర్ సెలవులకని వెళ్ళినవాళ్ళు అక్కడే ఉండిపోయారు. పిల్లల బడి ఇక్కడ, ఇంటి అద్దె ఇక్కడ, కారు ఎయిర్‌పోర్టు పార్కింగులో.

మా కస్టమర్ ఒకాయన, పేరు చెప్పను. తండ్రికి బాగాలేదని రాత్రి ఫోన్ వచ్చింది. నేను మర్నాటికి సీటు పట్టాను. హోల్డులో పెట్టి ఫోన్ చేశాను. ఆయన "గంట టైమివ్వండి" అన్నాడు. గంట తర్వాత మళ్ళీ గంట అడిగాడు. వీసా గడువు తీరిపోయింది, వీసా ఇంటర్వ్యూ స్లాట్ ఎప్పుడో తెలియదు, ఇద్దరు చిన్నపిల్లలు, ఉద్యోగం ఒక్కరిదే. సాయంత్రానికి "వదిలేయండి మేడమ్" అన్నాడు. కర్మకాండ ఫోన్‌లో చూశాడు. ఇది ఏ లెక్కలోకి వస్తుంది? చేసిన ప్రయాణాలకి లెక్క ఉంది. చెయ్యాల్సి ఉండి చెయ్యలేకపోయిన ప్రయాణాలకి ఏ ఆఫీసులో లెక్క ఉంది?

దీనికి మందు లేదా అంటే, ఉంది. ఉండేది. 2004 జులై దాకా వీసా రెన్యువల్ ఇక్కడే అయ్యేది. పాస్‌పోర్టు పోస్టులో సెయింట్ లూయిస్ పంపిస్తే స్టాంపు కొట్టి తిరిగి పంపేవాళ్ళు. ఇక్కడ పాతవాళ్ళు కొందరు తల ఊపుతున్నారు, మీరు చేయించుకున్నారు కదా? వేలిముద్రలు తీసుకోవాలన్న చట్టం రావడంతో అది ఆపేశారు. సరే, ఇప్పుడు అందరి వేలిముద్రలూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి కదా! ఆ మాటే పట్టుకుని 2024లో, జనవరి చివర నుంచి ఏప్రిల్ 1 దాకా, 20,000 మంది హెచ్-1బీ వాళ్ళకి ప్రయోగంగా తెరిచారు. దేశం దాటకుండా రెన్యువల్ చేసి ఇచ్చారు. పని జరిగింది. అంటే చెయ్యొచ్చు. తర్వాత మళ్ళీ తెరవలేదు.

హెచ్-1బీల్లో నూటికి డెబ్భై మందికి పైగా భారతీయులే. ఇది మనం అడక్కపోతే ఎవరు అడుగుతారు? వీసా మీద ఉన్నవాళ్ళు రాయడానికి భయపడతారు, ఆ భయం నాకు అర్థమవుతుంది. అందుకని పౌరసత్వం వచ్చినవాళ్ళని అడుగుతున్నాను. మీకు ఓటుంది. మీ తమ్ముడు, మీ మరదలు, మీ పక్కింటి కుర్రాడు వెళ్ళలేకపోతున్నారు. ఆ తలుపు దగ్గర టీ బల్ల పక్కన ఉత్తరం నమూనా పెట్టాను, ఒకటే పేజీ. 2024లో చేసిన రెన్యువల్‌ని మళ్ళీ తెరవమని, ఈసారి హెచ్-4 వాళ్ళని కూడా కలపమని అందులో ఉంది. మీ పేరు, మీ జిప్ కోడ్ రాసి, మీ జిల్లా కాంగ్రెస్ సభ్యులు ఎవరో గోడ మీద అంటించిన పట్టికలో చూసుకుని వాళ్ళకి పంపండి. స్టాంపులు కూడా అక్కడే ఉన్నాయి. టీ తాగే లోపు అయిపోతుంది.